పానా చప్పుడు

అజహర్ గేర్‌బాక్సు బిగించడం ముగించాడు. ఆటోమేటిక్ కారు, లివర్ 'డి'లో వేస్తే చాలు, కదలాలి. ఇంజను తిరుగుతోంది గానీ కారు కదల్లేదు. పొద్దున్నే కేసముద్రం నుంచి ఓనర్ వస్తాడు. తల్లిని ఇదే కారులో దవాఖానకు తీసుకుపోవాలి.

వరంగల్‌లోని ఆ షెడ్డులో ఈ రాత్రివేళ అతను ఒక్కడే ఉన్నాడు. ఆయిల్ చూశాడు, సరిపోయింది. ఇంజను ఆపి, స్టీరింగు మీద తల వాల్చాడు.

"నాతోని అయితలేదు ఉస్తాద్."

ఉస్తాద్ జానీ మియా పోయి నిన్నటికి నలభై రోజులు. శిష్యుడి తప్పు ఆయన ఏనాడూ నోటితో చెప్పలేదు. "చెప్తే మర్చిపోతవ్ బేటా" అంటూ కారు కిందికి దూరి, తప్పున్నచోట పానాతో మూడుసార్లు కొట్టేవాడు.

కారు కింద టక్, టక్, టక్‌మంది.

అజహర్ దిగి, వంగి చూశాడు. ఎవరూ లేరు. చప్పుడైన చోట మాత్రం, తాను గేర్‌బాక్సుకు తగిలించడం మరిచిన లివర్ కేబుల్ మెల్లగా ఊగుతోంది. కిందికి దూరి తగిలించాడు. ఈసారి కారు కదిలింది.

పని కుదిరిందంటే ఉస్తాద్ కారు కింది నుంచే చాయ్ కోసం చెయ్యి చాచేవాడు. అజహర్ ఫ్లాస్కులో మిగిలింది గ్లాసులో పోసి, ముందు చక్రం పక్కన పెట్టాడు.

"సల్లారుతది, జల్ది తాగుండ్రి."

షట్టర్ దించి తాళం వేస్తుంటే, లోపల గచ్చు మీద గ్లాసు మెల్లగా జరిగిన చప్పుడైంది.