ఎడమకు వాలిన ఆకు

ఆ ఉదయం ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉంది. ఊరంతటి మీదా బొట్లు బొట్లుగా కారుతోంది.

కోడలు ఆకాశం వంక చూడలేదు. మూడు రోజులుగా అల్లుతున్న స్వెట్టర్ అంచు వంకే చూస్తోంది.

సాయంత్రం అల్లిక బడి వాళ్ళు వస్తారు. ఈ ఇంటి ఆకు అల్లిక ఒక్కటి, ఒకే ఒక్కటి సరిగ్గా అల్లి చూపిస్తే చాలు, ఆమెను పంతులమ్మగా పెట్టుకుంటారు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ ఆమె కోరుకున్నది అదే.

ఆ ఆకు అత్తగారి సొత్తు.

ముప్పయ్యేళ్ళ కిందటి స్వెట్టర్ అద్దాల బీరువాలో ఉంది. చుట్టుపక్కల ఎవరింట్లో అల్లిక మాట వచ్చినా దాని మాటే. ఆ తర్వాత వేళ్ళ నొప్పులని అత్తగారు మళ్ళీ సూదులు ముట్టలేదు. కోడలికి నోటితోనే నేర్పింది.

నేర్పినా రాలేదు.

రెండు కుట్లు కలిపి ఒకటి చేస్తే ఆకు కుడికి వాలుతుంది. బీరువాలోని ఆకు ఎడమకు వాలి ఉంటుంది. అటు వాల్చాలంటే కుట్టు మెలిపెట్టాలి. మెలిపెడితే అంచు నునుపుగా రాదు, పళ్ళు పళ్ళుగా వస్తుంది.

"ఆకు వేస్తానని రంపం వేశావేమే?" పనికి వెళుతూ భర్త వెక్కిరించాడు.

"ఉండండి, మీ నోటికి వేస్తాను నాలుగు కుట్లు."

అత్తగారు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

వాన పెద్దదయింది. ఎవరో ముసలామె చేతిసంచి నెత్తిన పెట్టుకుని వసారాలోకి వచ్చింది.

"బస్సు వచ్చేదాకా నిలబడతానమ్మా."

"నిలబడ్డమెందుకు, కూర్చోండి పెద్దమ్మా."

ముసలామె పీట మీద కూర్చుని తల తుడుచుకుంది. చూపు మాత్రం కోడలి ఒళ్ళోనే ఉంది.

"ఈ ఆకు ఎవరు నేర్పారు?"

"మా అత్తగారు. ఆవిడ సొంతంగా కనిపెట్టిందే. అందరికీ తెలుసు."

"అలాగా." సంచి పక్కన పెట్టుకుంది. "ఒంట్లో బాగుంటోందా ఆవిడకి?"

"నన్ను తిట్టడానికి సరిపడా ఓపికుంది."

ముసలామె నవ్వింది. నవ్వి, పళ్ళు పళ్ళుగా ఉన్న అంచు మీద వేలు పెట్టింది.

"ఇందులో నీ తప్పేం లేదే పిల్లా."

మరెవరిదని అడిగేలోగా లోపల పొయ్యి మీద ఏదో పొంగింది. కోడలు అల్లిక అక్కడే పడేసి పరుగెత్తింది.

వంట ముగించుకుని వచ్చి చూసింది.

మూడు రోజుల అంచు లేదు. విప్పేసిన ఊలు ముసలామె పాదాల దగ్గర గుట్ట పడి ఉంది. ఆవిడ ఎడమ చేత్తో సూది పట్టి చకచకా అల్లేస్తోంది.

"అయ్యయ్యో! ఎంత పని చేశారు!"

"ఉండమ్మా, ఇంకొక్క వరస..."

"నా కొంప ముంచి ఇంకా వరసేమిటి? పైగా ఎడమ చేత్తో! ఎవరడిగారు మిమ్మల్ని? లేవండి ముందు!"

సూదులు లాక్కుంది.

ముసలామె సంచి తీసుకుంది. గుమ్మంలోంచి ఇంటి లోపలికి ఒకసారి చూసి, వానలోకి దిగి వెళ్ళిపోయింది.

కోడలు ఏడుస్తూ ఊలు ఉండ చుట్టడం మొదలుపెట్టింది. చుడుతూ చుడుతూ సూదికి వేలాడుతున్న అల్లిక వంక చూసింది.

చెయ్యి ఆగిపోయింది.

ఒకే ఒక్క ఆకు. ఎడమకు వాలింది. అంచు మీద నీటిబొట్టు వేస్తే జారిపోయేటంత నునుపు.

బీరువాలోని స్వెట్టర్ తీసి పక్కన పెట్టింది. రెండు ఆకులకీ వెంట్రుకవాసి తేడా లేదు.

గొడుగైనా తీసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది. బస్సు అప్పటికే మలుపు తిరుగుతోంది.

తడిసి ముద్దయి ఇంటికి వచ్చింది. ఆకును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆవిడ పేరు తెలియదు. ఊరు తెలియదు. ఇంక ఈ గుమ్మం తొక్కదు. చూసినవాళ్ళు కూడా ఎవరూ లేరు.

మధ్యాహ్నానికి అత్తగారు వచ్చింది. వెనకాలే భర్త.

"వచ్చేసిందత్తయ్యా!" కోడలు గుక్క తిప్పుకోకుండా అనేసింది. "ఇన్నాళ్ళకి కుదిరింది. నేనే అల్లాను, చూడండి."

"రంపం చిగురేసిందే!" అన్నాడు భర్త.

అత్తగారు ఆకును వెలుగులోకి పట్టింది. తిప్పి వెనకవైపు చూసింది. గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"ఎటు వెళ్ళింది?"

"ఎవరత్తయ్యా?"

"ఆ ఎడమచేతి మనిషి."

కోడలు బస్సు వెళ్ళినవైపు చెయ్యి చూపించింది.

"ఏమన్నావు ఆవిణ్ణి?"

"లేచి... వెళ్ళమన్నాను."

భర్త ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏమీ అర్థం కాక కంచాలు తానే పెట్టాడు.

ముగ్గురూ తింటున్నారు. కూరలో ఉప్పు లేదు. ఎవరూ ఆ మాట అనలేదు. బయట చూరు నీళ్ళు ఒక్కటే చప్పుడు.

కంచం ఖాళీ అయ్యాక, అందులోంచి తలెత్తకుండానే అత్తగారు అంది: "ఆవిడ అల్లినదాన్ని పట్టుకుని, నేనే అల్లానని ముప్పయ్యేళ్ళ కిందట ఈ ఇంట్లోనే నలుగురి ముందూ నేనూ ఇలాగే చెప్పాను, ఆ పూటే ఇల్లు దిగి వెళ్ళిపోయింది మా తోటికోడలు."