అన్న భుజం మీది బరువు

"నా తుపాకీతో ఏం చేస్తున్నావురా?"

వాగులో ముఖం కడుక్కుంటున్న వెర్నన్ తల తిప్పకుండానే అడిగాడు. టాడ్ గబుక్కున తుపాకీ పట్టీ అందుకున్నాడు. తుపాకీలోని తూటాలు, అన్న సంచి జేబులోని తూటాలు అప్పటికే నీళ్లపాలయ్యాయి. వాగు హోరులో చప్పుడు కూడా వినిపించలేదు.

"పట్టీ వదులైందన్నా. బిగిస్తున్నా."

"బిగించు మరి. ఈ దున్నపోతును మోయడం మాటలా?"

పెద్ద ఎలుగును నిలువునా ఆపే తుపాకీ అది. వెర్నన్ ఓ పాత బూటు కోసి సంచి నడుం పట్టీకి కుట్టుకున్నాడు. తుపాకీ వెనక కొస అందులో కూర్చుంటుంది, గొట్టం భుజం పట్టీకి బిగుస్తుంది. మోంటానా కొండల్లో ముప్పై ఏళ్లుగా అతని మోత అదే.

సంచి ఎత్తుకుని ఒకసారి కుదుపుకున్నాడు. ఆగి, మళ్లీ కుదుపుకున్నాడు.

"నీ చేతి చలవరా తమ్ముడూ. ఇంత సుఖంగా ఎప్పుడూ లేదు."

టాడ్ ఊపిరి పీల్చుకున్నాడు. అన్న బతికుండగా పశువుల బీడు అమ్మనివ్వడు. ఏ ఎలుగో చంపిందంటే మాత్రం ఎవరినీ ఏమీ అనడానికుండదు. ఇలాంటి ఆలోచన పుట్టిన బుర్రకు తోడబుట్టినవాడైతేనేం, పరాయివాడైతేనేం.

గట్టెక్కి కిందకు చూశారు. నిన్న సాయంత్రం వెర్నన్ కొట్టిన దుప్పి మీద మట్టి కుప్ప పోసి ఉంది. కాకులు చెట్ల మీదే ఉన్నాయి గానీ ఒక్కటీ కిందకు వాలడం లేదు. దాని అర్థం ఇద్దరికీ తెలుసు. ఎలుగు తిని, మిగిలింది కప్పెట్టి, పక్క పొదలోనే పడుకుంది.

"నువ్వు దిగన్నా, నేను కాపలా ఉంటా," అన్నాడు టాడ్.

"నా మోకాలు పట్టేసింది. నువ్వు దిగు. కోసేవాడికి పైనుంచి పెద్ద తుపాకీ కాపలా ఉండాలని కదా నాన్న లెక్క."

"రేపొద్దాం పోనీ."

"మాంసం పాడైపోదూ? నేనుండగా నీకెందుకురా భయం?" వెర్నన్ అతని కళ్లలోకి చూశాడు. "ఏం, నా తుపాకీలో లోపమేమైనా ఉందా?"

టాడ్ చూపు తిప్పుకున్నాడు. "లేదు."

"అయితే నీది ఇలా ఇచ్చెయ్. కోతకు రెండు చేతులూ కావాలి."

ఇవ్వనంటే ఎందుకో చెప్పాలి. ఇచ్చేశాడు. కత్తి పట్టుకుని దిగాడు. అడుగడుక్కీ వెనక్కి చూశాడు. పెద్ద తుపాకీ గురిపెట్టి నిలబడ్డ అన్న ధైర్యం చెబుతున్నట్టు తలాడించాడు.

మట్టి కుప్ప దగ్గరకొచ్చేసరికి పొద కదిలింది. ఎలుగు వెనక కాళ్ల మీద లేచింది.

"అన్నా, అది ఖాళీ. తూటాలు నేనే తీసేశా. నాది తీసుకో, నాది..."

వెర్నన్ గురి దించాడు. టాడ్ తుపాకీని తన బూటు ముక్కలో దింపి, పట్టీ బిగించుకుని, ఇంటి దారికేసి తిరిగాడు.

"తెలుసురా. వాగు దగ్గరే నా భుజం చెప్పింది."