పొట్టి ప్యాంటాయన

"ఇంకో అంగుళం తగ్గించాలమ్మా," అంటూ ఆయన ప్యాంటు బల్ల మీద పెట్టాడు.

దర్జీ ఆవిడ దాన్ని విప్పి చూసింది. అదే ప్యాంటు. రెండు వారాల కిందట అంగుళం తగ్గించింది తనే.

"ఇప్పటికే చీలమండ పైకొచ్చిందండీ. ఇంకా తగ్గిస్తే వాన నీళ్ళలో నడవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు."

"పరవాలేదమ్మా. తగ్గించండి."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. గోడకి ఆనించిన చేతికర్రను చూశాడు. కుర్చీ మీద చాపి పెట్టుకున్న ఆమె కుడికాలిని చూశాడు.

"నొప్పి తగ్గిందామ్మా?"

"లేదు."

మిషను తొక్కుతున్న వదిన ఓరకంట చూసి నవ్వు ఆపుకుంది. ఆయనకు పొట్టి ప్యాంటాయన అని పేరు పెట్టింది వదినే.

ఎనిమిది నెలల కిందట ఒక సరుకుల వ్యాను వెనక్కి వస్తూ దర్జీ ఆవిడ మోకాలిని గోడకేసి నొక్కేసింది. ఇంకో ఆపరేషన్ చేస్తేగాని మోకాలు వంగదన్నారు. మోకాలు వంగితేగాని మిషను తొక్కలేదు. ఆపరేషన్ చేయించుకోవాలంటే వ్యాను కంపెనీ నుంచి పరిహారం రావాలి. అందుకే కేసు వేసింది.

మోకాలి కింద ఆమెకు స్పర్శ లేదు. ఈ మధ్య మనసుకీ అదే జబ్బు చేసినట్టుంది. కోపం రాదు, ఏడుపు రాదు. గుడ్డ కత్తిరించి వదినకు అందిస్తుంది, అంతే.

కేసు చూసే లాయరు ఆ వీధి చివరే ఉంటాడు. కాళ్ళు విరిగినవాళ్ళ కేసులు చూసే పెద్దమనిషి ఆఫీసు మాత్రం రెండో అంతస్తులో పెట్టుకున్నాడు. లిఫ్టు లేదు. దర్జీ ఆవిడ వదిన భుజం పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి, ప్యాంటాయన సంగతి చెప్పింది.

"ఒకే ప్యాంటు తెస్తాడు సార్. కాలెలా ఉందని అడుగుతాడు."

"కంపెనీ మనిషే, అనుమానం లేదు," అన్నాడు లాయరు. "మీరు నడుస్తున్నారా, మిషను తొక్కుతున్నారా అని చూడ్డానికి పంపుతారు. ఇలాంటివాళ్ళను ఎంతమందిని చూశాను. వాడితో నోరు జారారో, కేసు గోవిందా."

"అలాగే సార్."

మూడోసారి వచ్చినప్పుడు ఆయన ప్యాంటు సంగతి ఎత్తకుండానే అడిగాడు.

"ఆ రోజు వ్యాను వెనకాల ఎవరూ అరవలేదామ్మా?"

వదిన మిషను ఆపేసింది.

"నాకేం గుర్తులేదు," అంది దర్జీ ఆవిడ. "ప్యాంటు ఎంత తగ్గించమంటారు?"

ఆయన ఏదో చెప్పబోయి, ఆగిపోయి, "అరంగుళం," అన్నాడు.

నాలుగోసారి ఉత్తచేతులతో వచ్చాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు.

"అమ్మా, మీతో ఒక మాట చెప్పాలి."

"ముందు నేనడిగినదానికి చెప్పండి. మీరు ఆ వ్యాను కంపెనీలో పనిచేస్తారా?"

ఆయన తల దించుకున్నాడు.

"ఆ కంపెనీలోనేనమ్మా. నిన్నటిదాకా..."

"చాలండి. ఇక వెళ్ళండి."

"ఒక్క నిమిషం నా మాట వినండమ్మా."

"మళ్ళీ ఈ గడప తొక్కితే పోలీసులకు చెబుతాను."

ఆమె కోపంతో అనలేదు. కుట్టుకూలి ఎంతో చెప్పినట్టు చెప్పింది. వదిన వెళ్ళి తలుపు బార్లా తెరిచి పట్టుకుంది. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

"పీడా పోయింది," అంది వదిన.

తర్వాతి నెల కేసు విచారణకు వచ్చింది.

"బండి వెనక్కి వస్తున్నంతసేపూ మా క్లీనరు వెనక నిలబడి రానీ రానీ అని అరుస్తూనే ఉన్నాడండీ," అన్నాడు కంపెనీ లాయరు. "ఈవిడే వినిపించుకోకుండా మధ్యలోకి వచ్చింది."

"ఆ క్లీనరేడీ?" అన్నాడు జడ్జి.

"పని మానేశాడండీ. ఎక్కడున్నాడో తెలియదు."

జడ్జి ఆమె వైపు తిరిగాడు. "మీరు ఆ క్లీనర్ని చూశారా అమ్మా?"

"లేదండీ. బండి వెనక ఎవరూ లేరు."

"లేరని చెప్పేవాళ్ళు ఇంకెవరన్నా ఉన్నారా?"

"లేరండీ," అంది.

కేసు కొట్టేశారు. వదిన ఏడ్చింది. దర్జీ ఆవిడకు ఏడుపు రాలేదు. ఇంటికెళ్ళి, సగంలో ఆపిన జాకెట్టు గుడ్డ కత్తిరించింది.

పదిరోజుల తర్వాత లాయరు కబురు పెట్టాడు. మళ్ళీ రెండంతస్తులూ ఎక్కారు. ఆయన నీరసంగా కూర్చుని ఉన్నాడు.

"ఆ క్లీనరు సంగతి తెలిసిందమ్మా. అతనితో పనిచేసినవాడు మా గుమాస్తాకు చెప్పాడట. ఆ రోజు బండి వెనక అసలు అతను లేడు. ఓనరు సరుకు మొయ్యమంటే కొట్టు లోపల ఉన్నాడు. ఆ ముక్క కోర్టులో చెప్పడానికే ఉద్యోగం మానేశాడట. ఇప్పుడు ఊళ్ళో లేడు, ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలీదు. ఆ ఒక్కడు నోరు విప్పుంటే మనం గెలిచేవాళ్ళం."

లాయరు తన ఫోను ఆమె ముందుకు జరిపాడు. తెర మీద ఆ క్లీనరు ఫోటో ఉంది.

వదిన వంగి చూసి, చప్పున చేత్తో నోరు మూసుకుంది.

"సాక్ష్యం చెప్పడానికే ఉద్యోగం వదులుకున్నవాడు, మరి మన దగ్గరికి ఎందుకు రాలేదో," అన్నాడు లాయరు.

దర్జీ ఆవిడ ఫోటోని చాలాసేపు చూసింది.

"వచ్చాడు సార్," అంది. "నాలుగుసార్లు వచ్చాడు."