తలుపు మీద నెలవంక

"వారం కూడా కాలేదు మేస్త్రీ, చూడండి," అన్నాడు పళ్ళ డాక్టరు, ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి.

కొత్త కారు నల్లగా నిగనిగలాడుతోంది. వెనక తలుపు మీద, అద్దానికి కాస్త కింద, బొటనవేలంత గీత. తిన్నగా లేదు, నెలవంకలా వంగి ఉంది.

పాలిష్ మేస్త్రి వంగి గీతని వేలితో తడిమాడు. పోయిన వారం ఆ కారుకి మెరుపు పోకుండా సిరామిక్ కోటింగు వేసింది తనే. మూడు రోజులు పసిబిడ్డని సాకినట్టు సాకి మరీ పంపాడు.

"లోపలికి పదండి, లైటు కింద చూద్దాం."

డాక్టరు గుమ్మం దగ్గర అలవాటుగా గడియారం విప్పి ట్రేలో పెట్టాడు. పైనున్న బోర్డు మేస్త్రి స్వయంగా రాసిందే: "ఉంగరం, గడియారం, బెల్టు తీశాకే కారు దగ్గరికి రండి." ఈ విషయంలో మేస్త్రి ఎవరి మాటా వినడు. ఉంగరం తీయనన్నాడని ఓ పనివాణ్ణి మానిపించేశాడు కూడా.

"బాగా సన్నబడ్డారే," అన్నాడు డాక్టరు.

"మీరు పళ్ళు బాగుచేశారు. ఇంకో డాక్టరు పథ్యం పెట్టి వాటికి పని లేకుండా చేశాడు. ప్యాంట్లన్నీ వదులైపోయాయి."

డాక్టరుకి నవ్వొచ్చే పరిస్థితి లేదు. "ఇది నా పనే మేస్త్రీ. మొన్న జేబురుమాలుతో తుడిచేటప్పుడు ఆ చేతిలోనే తాళాలగుత్తి ఉంది. కారు ముట్టుకోవద్దని ఇంట్లో అందర్నీ కాల్చుకుతిన్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? కడిగించుకొస్తానని చెప్పి తెచ్చాను. సాయంత్రానికి ఇది మాయమైపోవాలి. మూడో కంటికి తెలియకూడదు."

"మాయం చేస్తాను. కానీ తాళాలగుత్తి అయితే గీత సన్నగా, తిన్నగా పడుతుంది. ఇది అది కాదు. గీసిందేదో సాయంత్రానికి చెప్తాను."

గీత చూసి గీసిన వస్తువేదో చెప్పేస్తాడని మేస్త్రికి పేరు. ఆ పేరంటే అతనికి లోలోపల మురిపెం.

డాక్టరు వెళ్ళి పావుగంట కాలేదు, ఫోను మోగింది. డాక్టరు భార్య.

"అన్నయ్యగారూ, వెనక తలుపు మీద గీత చూశారా? ఆయనకి చెప్పకండి. ఆయన లేనప్పుడు నేర్చుకుందామని గేటు దాకా నడిపాను. గొళ్ళెం రాసుకున్నట్టుంది. తెలిస్తే ఇక ఈ జన్మలో తాళంచెవి నా చేతికివ్వరు."

"గొళ్ళెమైతే తుప్పు అంటుకోవాలమ్మా. ఇక్కడ తుప్పే లేదు," అన్నాడు మేస్త్రి. ఆవిడ నమ్మలేదు.

మధ్యాహ్నం చేతికర్ర ఊతంగా డాక్టరు తండ్రి దిగాడు. "కర్రని తలుపుకి ఆనించి చెప్పులు వేసుకుంటున్నాను బాబూ. జారింది. మావాడు పైకి ఏమీ అనడు. రేపట్నించి నాకు టాక్సీ పిలుస్తాడు, అంతే."

మేస్త్రి కర్ర తిరగేసి చూశాడు. అడుగున మెత్తటి రబ్బరు బుడిపె. "ఇది గీయదు పెద్దాయనా. మీరు నిశ్చింతగా వెళ్ళండి."

మరి ఎవరు? మేస్త్రి భూతద్దం పట్టుకుని తలుపు ముందు చతికిలబడ్డాడు. వంపు తిరిగిన లోహం. చేత్తో గీసింది కాదు, ఎవరో తలుపుకి ఆనుకుని కదిలారు. కొత్త కారుకి అంత గట్టిగా ఆనుకోవాల్సిన అవసరం ఎవరికొచ్చింది? బుర్ర వేడెక్కింది గాని జవాబు తట్టలేదు.

సరే, పని కానిద్దామని కారు కడిగాడు. పైకప్పు మధ్యలో నీళ్ళు నిలిచాయి. తుడవడానికి చెయ్యి అందక, ముందుకి వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. తర్వాత పాలిష్ మొదలుపెట్టాడు.

సాయంత్రం ముగ్గురూ కలిసే వచ్చారు. తలుపు మీద గీత జాడ కూడా లేదు. ముగ్గురూ కారుని చూసింది తక్కువ, మేస్త్రిని చూసింది ఎక్కువ. చెప్పొద్దని మూడు జతల కళ్ళు బతిమాలుతున్నాయి.

ఊరుకుంటే ఏ గొడవా లేదు. కానీ చేయని తప్పుకి ముగ్గురూ ఆ కారు చుట్టూ దొంగల్లా తిరుగుతారు. మేస్త్రికి మనసొప్పలేదు.

"ఈ తలుపు మీద ఓ గీత ఉండేది," అన్నాడు. "అది ఎవరు గీశారో తెలిసింది."

"నేనే," అన్నారు ముగ్గురూ ఒక్కసారే. అని, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"మీరెవరూ కాదు."

"మరెవరు?" అంది డాక్టరు భార్య.

మేస్త్రి నడుముకున్న కొత్త బెల్టు విప్పి ట్రేలో పెట్టాడు. దాని ఇత్తడి బకిల్ నెలవంకలా వంగి ఉంది. జారిపోతున్న ప్యాంటుని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గుమ్మం మీది బోర్డు చూపించాడు.

"అది రాసినవాడు."