మెట్లెక్కిన బిగోనియా

“ఒక్క ఆకు, ఆంటీ. ఒక్కటంటే ఒక్కటి.”

“ఇవ్వనమ్మాయ్,” అంది కృపావతి కళ్లద్దాలు సర్దుకుంటూ. “ఇంకోసారి అడక్కు.”

జెరూషా ముఖం చిన్నబుచ్చుకుని మేడమెట్లెక్కింది. జగ్గయ్యపేటలో ఆ ఇంటి పై వాటాలో కొత్త కాపురం పెట్టినప్పటి నుంచీ ఓనరమ్మ దేనికీ కాదనలేదు. గోంగూర పచ్చడి పంపింది. గ్యాస్ బండ అరువిచ్చింది. ఆ బిగోనియా దగ్గరికొచ్చేసరికే రాయైపోయింది.

అదేమైనా మామూలు మొక్కా! ఈ ఏడే నర్సరీల్లోకి వచ్చిన కొత్త రకం. కృపావతి దాన్ని కంచికచర్ల హైవే పక్కన కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. పువ్వుల కోసం కాదు, ఆకుల కోసమే పెంచుతారు దాన్ని. ఒక్కో ఆకూ నత్తగుల్లలా మెలి తిరిగి ఉంటుంది. మధ్యలో వెండి పూత, అంచుకి గులాబీ రంగు, వెనక్కి తిప్పితే నేరేడుపండు. ఊరి పక్క సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పడితే కృపావతి మెత్తటి బ్రష్షుతో తుడిచేది, పసిపిల్లకి పౌడరద్దినట్టు.

నందిగామలో బడి అయ్యాక బస్సు దిగి వచ్చే జెరూషా టీచరు, గేటు తీయగానే ముందు దాన్నే చూసేది. అలసట అక్కడే దిగిపోయేది.

ఆ పిచ్చికి కారణం ఉంది. ఆమె చేతిలో మొక్క బతకదు. వాళ్లమ్మ ఇచ్చిన మల్లె ఎండిపోయింది. అత్తగారిచ్చిన గులాబీ కుళ్లిపోయింది. పాస్టరమ్మగారు ఇచ్చిన మనీప్లాంటు కూడా పోయిన రోజున, మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“మనీప్లాంటుని చంపడం అంటే మాటలు కాదు జెరూ,” అన్నాడు భర్త బెన్ని. “గోడ మీద పడేసినా బతుకుద్ది అది.”

“నవ్వు, బాగా నవ్వు. మన ఇంట్లో నా చేత్తో పెట్టింది ఒక్కటి బతకాలి నాకు. అంతే.” బెన్ని నవ్వడం మానేశాడు.

“కొట్టేద్దాం,” అంది జెరూషా కళ్లు తుడుచుకుని. “అసలు ఒకళ్లిచ్చిన మొక్క బతకదు. దొంగిలించిందే బతుకుద్ది. మా అమ్మ పెరడంతా అట్టా వచ్చిందే.”

“మరి ‘దొంగిలకూడదు’ అన్న ఎనిమిదో ఆజ్ఞ?”

కింద ఉన్నది సండేస్కూల్లో పది ఆజ్ఞలూ వల్లె వేయించే మనిషి. జామకాయ కోసిన పిల్లల్ని చెట్టుగలవాళ్ల ఇంటికి నడిపించి మరీ క్షమాపణ చెప్పించిన మనిషి.

“ఆజ్ఞ వస్తువులకి. ఆకులకి కాదు,” అంది జెరూషా, తనకే నమ్మకం చాలని గొంతుతో. దొంగతనం వాయిదా పడింది.

కుండీ మాత్రం ఊరించడం మానలేదు. మొదట హాలు కిటికీలో ఉండేది. లోపల గాలాడట్లేదని వరండాలోకొచ్చింది. అక్కడ ఎండ తగులుతోందని మేడమెట్ల దగ్గరికొచ్చింది. తర్వాత మొదటి మెట్టు మీదికి. ఆ తర్వాత ఇంకో మెట్టు పైకి.

“చూశావా, నన్ను ఉడికించడానికే!”

పైగా ఫోన్లో ఎవరితోనో వీధంతా వినపడేలా ఆ కబుర్లొకటి.

“వేరు అక్కర్లేదు వదినా! ఒక్క ఆకు కాడతో కోసి తడి ఇసకలో గుచ్చితే చాలు. నీళ్లు ఎక్కువ పోశావో, కుళ్లుద్ది. ఏంటీ, వినపళ్లేదా? సరే, మళ్లీ చెప్తా!”

మళ్లీ చెప్పింది. జెరూషా పైనుంచి రెండుసార్లూ వింది. ఇక ఆగలేకపోయింది.

ఆదివారం ఆరాధనై, భోజనాలయ్యాయి. కృపావతి భర్త ప్రేమదాసు మెట్ల పక్కనే పడక్కుర్చీ వేసుకుని కాపలాకి కూర్చున్నాడు. కాసేపటికే గురక మొదలైంది. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీలన్నీ ఒకేసారి స్టార్టయినట్టుంది.

పై మెట్టు మీద బెన్ని నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. జెరూషా చెప్పులు విడిచి దిగింది. కుండీ ముందు చతికిలబడ్డాక గుర్తొచ్చింది, కత్తెర తేలేదని. చూస్తే కుండీ పక్కనే కృపావతి మర్చిపోయిన కత్తెర!

“దేవుడే ఇచ్చాడు,” అనేసి, వెంటనే నాలుక్కరుచుకుంది.

కిచ్.

గురక ఆగిపోయింది. జెరూషా గుండె కూడా. ప్రేమదాసు కుర్చీలోనే అటు తిరిగి, ముందుకంటే గట్టిగా అందుకున్నాడు.

ఆకుని చున్నీలో చుట్టుకుని ఒకటే పరుగు! తలుపేసుకుని ఇద్దరూ నోళ్లు నొక్కుకుని నవ్వారు. ఐస్‌క్రీం డబ్బాలో తడి ఇసక సిద్ధంగానే ఉంది. ఆకు గుచ్చి, జెరూషా కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ముందు క్షమించమని, తర్వాత బతికించమని.

పైన గడియ పడ్డ చప్పుడు విని వరండాలోకొచ్చిన కృపావతి, మెట్టు మీది కత్తెర తీసుకుని, భర్త భుజం తట్టింది: “ఇంక గురక ఆపి లేవండి, మనమిస్తే బతకదని ఆ పిల్లని కసరలేక, ఈ కుండీని మెట్టుమెట్టుకీ పైకి మొయ్యలేక నా నడుం పడిపోయింది!”