డెబ్బై పక్కన బుడగ

కత్తితో పనిచేసేవాళ్లు రోజూ పొద్దున్నే తమ మెదడులో సైన్యూక్లిన్ ప్రొటీను ఎంతుందో మెషిన్‌లో చూసుకుని, ఆ అంకెను దుకాణం తలుపు మీద రాయాలన్నది సర్కారు నియమం. యాభై దాటితే చేతులు వణికే జబ్బు మున్ముందు రావచ్చని లెక్క. మంగలి రాజలింగం అంకె ఆ సోమవారం డెబ్బై. దాచకుండా పెద్దగా రాశాడు.

వచ్చినవాళ్లు తలుపు చూసి వెనక్కి తిరిగారు. ముప్పై ఏళ్లుగా వస్తున్న గిరాకీ సుదర్శనం సారు కూడా గడప దగ్గరే ఆగిపోయాడు.

"మెషిన్ అబద్ధం చెప్పదు గద, రాజలింగం."

"చెప్పదు సారూ. కానీ అది చెప్పేది రేపటి ముచ్చట. గడ్డం గీసేది ఇయ్యాల."

రాజలింగం ఒక రబ్బరు బుడగ ఊది, నురగ పూసి, పని నేర్చుకున్న రోజుల్లోలాగే కత్తితో గీశాడు. నురగంతా పోయింది, బుడగ నిలిచింది. దాన్ని తలుపు మీది డెబ్బై పక్కన కట్టాడు.

"రోజూ అందరి ముందట ఇట్లనే గీస్త. పగిలిన రోజు నేనే షాపు బంద్ చేస్త."

సుదర్శనం సారు లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని గడ్డం పైకెత్తాడు. ముప్పై ఏళ్లుగా చెప్పే జాగ్రత్తే చెప్పాడు.

"మీసం పైలం."