బొడ్డుపేగు

“నా రక్తం తీసుకోండి డాక్టరుగారూ.” అంకమ్మ చెయ్యి చాచింది.

“నీది పనికిరాదమ్మా. శవం సముద్రపు నీళ్ళలో నానిపోయి ముఖం గుర్తుపట్టేలా లేదు. డీఎన్ఏ పోల్చాలంటే మీ ఆయన తల్లిదండ్రులదో, బిడ్డదో రక్తం కావాలి.”

“అత్తామామా పోయారండి. పిల్లల్లేరు. పన్నెండేళ్ళు కాపురం చేశాను గదండీ.”

“కాపురంతో రక్తం కలవదమ్మా. ఎవరూ లేకపోతే అనాథ శవం కింద పూడ్పించేస్తారు.”

మొగుడెక్కిన పడవ తిరగబడిన రోజు నుంచీ ఆమె ఏడవలేదు. మనిషి కనబడ్డం లేదన్నారే గాని పోయాడనలేదు. గాజులు చేతుల నిండా అలాగే ఉన్నాయి.

పుస్తెల పక్కనున్న రాగి తాయెత్తు పైకి తీసింది.

“ఇందులో ఆయన బొడ్డుపేగుందండి. ఊడిపోయాక మా అత్త ఎండబెట్టి దాచింది. పిల్లలు పుడతారని నా మెడలో కట్టింది. ఇది పనికొస్తదా?”

డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. “రావచ్చు. ఎండినా అది అతని ఒంట్లోదేగా. హైదరాబాదు పంపిస్తాను.”

అంకమ్మ తాయెత్తు వదల్లేదు.

“కలిస్తే?”

“శవాన్ని నీకు అప్పగిస్తారు.”

“కలవకపోతే?”

“ఇతను మీ ఆయన కాదన్నమాట.”

ఆమె దారాన్ని పంటితో కొరికి తెంపి, తాయెత్తు అతని చేతిలో పెట్టింది.

“కలవకపోతే మటుకు తిరిగిచ్చెయ్యండి. నాకింకా పిల్లలు పుట్టాలి గదండీ.”